మూడో మూల సున్నపు చుక్క

రాతి మీద వేలి కొసతో పెట్టిన ఒక సున్నపు చుక్క. కందిగింజంత ఉంటుందేమో. ఎప్పుడో వానకు కరిగిపోయి ఉంటుంది. ఆ రాయి కూడా ఇప్పుడు అక్కడ లేదు. కానీ దాని బరువు పదిహేనేళ్ళుగా నేను మోస్తున్నాను. ఎక్కడ దించాలో తెలియక మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆవిడకు చెబుదామని రెండుసార్లు ఎదురుగా కూర్చున్నాను. ఒకసారి కూరలో ఉప్పు గురించి మాట్లాడి లేచాను. ఇంకోసారి ఏమీ మాట్లాడకుండానే లేచాను. ఆమె నన్ను మంచివాడనుకుంటుంది. మా ఆఫీసులో కూడా అంతే. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకుని అక్కడి నుంచి వెళ్ళిపోతాను. ఇన్నేళ్ళుగా ఎవరూ అది గమనించలేదంటే, మనుషులు మనల్ని ఎంత తక్కువ పట్టించుకుంటారో అని ఆశ్చర్యం వేస్తుంది. లేక నేనే అంత బాగా దాచుకున్నానా?

మాది తెనాలి పక్కన ఒక పల్లె. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, చదువు ఆగిపోయి, పొలం పని మనసుకు పట్టక, రేపల్లెకు మూడు మైళ్ళ అవతల ఉన్న మా అక్కగారి ఊరు వెళ్ళాను. ఆ ఊరి పేరు రాయను. అక్కడ ఒక మంచినీళ్ళ చెరువు ఉంది. ఆ ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళకు ఆ చెరువంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెబుతాను. సముద్రం దగ్గర కావడంతో అక్కడ ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీళ్ళే. తాగడానికి కాలవ నీళ్ళే దిక్కు. వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందు చెరువును అంచుల దాకా నింపుకుంటారు. మళ్ళీ కాలవలు వదిలేదాకా రెండు నెలలపైన ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి.

ఆ చెరువులో గొడ్లను దింపకూడదు. బట్టలు ఉతకకూడదు. పిట్టను కొట్టకూడదు. అవతలి ఒడ్డున జమ్ము, తుమ్మచెట్లు దట్టంగా పెరిగి ఉండేవి. శీతాకాలంలో వచ్చిన పరజ బాతులు వేసవి ముదిరేదాకా అక్కడే ఈదుతూ ఉండేవి. నీటికాకులు కొమ్మల మీద రెక్కలు ఆరబెట్టుకునేవి. చెరువు నాలుగు పలకలుగా ఉండేది. చుట్టూ కట్ట. కట్ట మీద ఒక మనిషి నడిచేంత దారి. మొత్తం చుట్టి వస్తే మైలున్నర పైమాట. పొద్దున ఎండ ఇంకా పసుపుగా ఉన్నప్పుడు, ఒక పక్క నిండు నీళ్ళు, ఇంకో పక్క కోసేసిన వరిపొలాలు, మధ్యలో ఆ సన్నటి దారి. అంత అందమైన చోటు నేను మళ్ళీ చూడలేదు. చూసినా గుర్తుపట్టే మనసు నాకు ఉండి ఉండదు.

నేను ఆ కట్ట మీద రోజూ పరిగెత్తేవాణ్ణి. అడవి శాఖలో గార్డు ఉద్యోగాలకు బాపట్లలో సెలక్షన్లు పెడతారని మా బావ కబురు తెచ్చాడు. కొలతలు చూస్తారట, పరుగు పెడతారట. మైలున్నర పది నిమిషాల్లో రావాలని ఆయనకు ఎవరో చెప్పారు. అప్పట్లో ఎదిగిన మగాడు నిక్కరు వేసుకుని ఊరికే పరిగెత్తడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. బిందెలతో వచ్చే ఆడవాళ్ళు దారి ఇచ్చి పక్కకు నిలబడి నవ్వేవారు.

"ఏంటయ్యా, ఎవరి కోడిని ఎత్తుకుపోతన్నావ్?"

"కోడి కాదే, వాళ్ళ బావ తరుముతున్నాడు. తిండి దండగని."

"పాపం, రోజూ ఎంత పరిగెత్తినా మళ్ళీ ఇక్కడికే వస్తన్నాడే పిచ్చి నాయన!"

ఆ మూడో మాట అన్నది ఎవరో నాకు గుర్తులేదు. మాట మాత్రం పోలేదు.

చెరువుకు ఒక కావలి మనిషి ఉండేవాడు. కోటయ్య అందాం. అది ఆయన పేరు కాదు. యాభై దాటిన మనిషి. వాళ్ళది సూర్యలంక వైపు, సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. వేట మానుకుని ఈ చెరువు కావలికి వచ్చి పాతికేళ్ళయిందట. భార్య లేదు. పది, పన్నెండేళ్ళ కూతురు ఉండేది. మొదటి మూల దగ్గర గుడిసె. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను అబ్బాయా అనేవాడు.

కోటయ్య పని రోజూ పొద్దున్నే కట్టంతా చుట్టి చూడటం. ఎక్కడైనా ఎండ్రకాయలు బొక్కలు పెట్టాయా, ఎలుకలు తొలిచాయా, మట్టి జారిందా, బయటి వాలులో తడి కనిపిస్తోందా అని. తిరిగినట్టు గుర్తుగా, నాలుగు మూలల్లో పాతిన నాలుగు రాళ్ళ మీద సున్నంతో ఒక్కో చుక్క పెట్టాలి. వారానికి ప్రతి రాయి మీద ఏడు చుక్కలు. సోమవారం ఓవర్సీరు గారు సైకిలు మీద వచ్చి చుక్కలు చూసి, తడిగుడ్డతో తుడిచేసి వెళ్ళేవాడు. మళ్ళీ కొత్త వారం. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, ఎప్పటి నుంచి ఉందో తెలియదు. కోటయ్య ఆకూ వక్కా వేసే మనిషి కనుక సున్నపుకాయ ఎప్పుడూ ఆయన మొలలోనే ఉండేది. అందులో వేలు ముంచి చుక్క పెట్టేవాడు.

అయితే ఆయనకు బోదకాలు. ఎడమకాలు మోకాలి కింది నుంచి లావెక్కి, చర్మం గరుకుబారి ఉండేది. ఆ ప్రాంతంలో చాలామందికి ఉన్న జబ్బే. కానీ ఆయనకు నెలకు ఒకటి రెండుసార్లు దాంతోపాటు జ్వరం వచ్చేది. వచ్చిందంటే మూడు నాలుగు రోజులు కాలు కింద పెట్టలేడు. ఓవర్సీరు వచ్చే సోమవారం మాత్రం పంచె కిందికి దించి కట్టి, పళ్ళు బిగించి నిలబడేవాడు. కాలు సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుంది. తిరగలేనివాడికి తిరిగే ఉద్యోగం ఎవరిస్తారు?

అలా ఒకసారి జ్వరం వచ్చిన రోజు నన్ను పిలిచి తన సున్నపుకాయ నా చేతిలో పెట్టాడు. "నువ్వెటూ తిరుగుతున్నావుగా అబ్బాయా. ఆ కళ్ళు కాస్త కట్ట మీద పెట్టి, నా చుక్కలు నాలుగూ పెట్టెయ్యి" అన్నాడు. నాకు సంతోషం వేసింది. ఊరంతా పనికిమాలిన పరుగు అని నవ్వే నా పరుగు ఒకరికి పనికొచ్చింది కదా అని. ఆయన నాకు కట్ట చూడటం నేర్పాడు. బయటి వాలులో తడి కనిపిస్తే కంగారుపడొద్దు, ఊరే నీళ్ళు తేటగా ఉంటే భయం లేదు, అది కట్ట చెమట పట్టడం లాంటిది అనేవాడు. నీళ్ళు మడ్డిగా వస్తే మాత్రం లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అప్పుడు ఎక్కడివాడివి అక్కడ ఆగి కేక వెయ్యాలి. ఊరు ఊరంతా గంపలతో రావాలి. తేటా, మడ్డీ. ఆయన నాకు చెప్పిన చదువంతా ఆ రెండు మాటలే.

మొదట జ్వరం రోజుల్లోనే చుక్కలు పెట్టేవాణ్ణి. తర్వాత నెమ్మదిగా అది రోజువారీ అయిపోయింది. సున్నపుకాయ నా నిక్కరు జేబులోనే ఉండిపోయింది. ఆయన ఇంకొకటి కొనుక్కున్నాడు. పరిగెత్తుతూ జేబులో వేలు ముంచి, రాయి దగ్గర వంగి ఒక్క చుక్క, మళ్ళీ పరుగు. మొదట్లో ఆగి పెట్టేవాణ్ణి. రానురాను ఆగకుండానే పెట్టడం వచ్చింది. ఆ నేర్పు చూసి నాలో నేనే మురిసేవాణ్ణి.

సెలక్షన్ల రోజు దగ్గరపడింది. మా బావ తన చేతిగడియారం ఇచ్చాడు. రోజూ చూసుకునేవాణ్ణి. ఎంత ఊపిరి బిగబట్టినా పది నిమిషాలు దాటి పావు నిమిషమో అర నిమిషమో అయ్యేది. అన్నం తగ్గించాను. పెంచాను. పచ్చిగుడ్లు తాగాను. ఏం చేసినా ఆ పావు నిమిషం కరగలేదు. ఉద్యోగం రాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇంటికి వెళితే మా నాన్న ఏమీ అనడు, అదే భయం. ఏమీ అనకుండా నా వంక చూసి పొలానికి వెళ్ళిపోతాడు.

కాలవలు కట్టేసిన వారం అది. చెరువు నిండుగా ఉంది. కట్ట మీది నుంచి వంగితే నీళ్ళు చేతికి అందేంత. మర్నాడు ఉదయం బాపట్లలో సెలక్షన్లు. ఆ మధ్యాహ్నం నేను రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి బాపట్ల చేరాలి. ఆ పొద్దున చివరి పరుగు.

ఆ రోజు కాళ్ళు నావి కావనిపించింది. గాలి చల్లగా ఉంది. మొదటి మూల చుక్క, రెండో మూల చుక్క. గడియారం చూశాను. ఎప్పుడూ లేనంత ముందున్నాను. పరజలు నీళ్ళ మీద గుంపుగా లేచి నాతోపాటు కొంత దూరం వచ్చాయి. నన్ను చూసి బెదిరి లేచాయని తెలిసినా, నాతో పందెం వేస్తున్నాయనిపించింది. అంత సంతోషం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. ఈ సంగతి కూడా మీకు చెప్పాలి, దాచకూడదు. ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను.

మూడో మూల అవతలి ఒడ్డున, జమ్ము దగ్గర. రాయికి పది అడుగుల ముందు, బయటి వాలులో, తడి ఉంది. నేల నల్లబడి ఉంది. ఒక పీట వెయ్యగలిగినంత మేర. దాని మధ్యలో ఎండ్రకాయ బొక్క. బొక్కలోంచి నీళ్ళు వస్తున్నాయి.

నేను ఆగలేదు. రాయి దగ్గర వంగాను. చుక్క పెట్టాను. పరిగెత్తాను.

ఎందుకు ఆగలేదు? పది నిమిషాల కోసమా? అవును. కానీ అదొక్కటేనా? ఆగి చూస్తే, చూసింది చెప్పాలి. చెబితే కేకలు, గంపలు, మట్టి. వయసులో ఉన్న ప్రతి మగాడూ కట్ట దగ్గర ఉండాలి, ఆ పూటంతా, అవసరమైతే మర్నాడంతా. అప్పుడు నా రైలు? ఇవన్నీ నేను ఆ క్షణంలో ఆలోచించానని చెప్పలేను. ఆలోచించలేదనీ చెప్పలేను. కాళ్ళు మాత్రం ఆలోచించినట్టే పరిగెత్తాయి.

గుడిసె దగ్గరికి వచ్చి గడియారం చూశాను. పది నిమిషాలకు ఇంకా కొంచెం మిగిలింది. కోటయ్య నులకమంచం మీద కాలు చాపుకుని, వేడి ఇటుక గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకుంటున్నాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పుడు మేం అనుకున్న మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"ఏంటి అబ్బాయా, మొకం ఎలిగిపోతంది? వచ్చేసిందా?"

"వచ్చేసింది బాబాయ్. పది లోపే."

"ఓరి నీ దుంప తెగ! అయితే గార్డు గారివన్నమాట. రేపు మా ఎండ్రకాయల చేత కూడా సలాం కొట్టిస్తావా ఏంటి?" అని నవ్వాడు. నవ్వుతూనే కాలు సవరించుకుని, "కట్ట ఎట్టా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది."

"మూడో మూల చూశావా? నిండు చెరువు. అక్కడ మట్టి కొత్తది, నాకు అక్కడే అనుమానం."

"కొంచెం తడి ఉంది బాబాయ్."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "తేటా? మడ్డా?"

"తేటగానే ఉంది."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత మళ్ళీ వెనక్కి వాలాడు. "అయితే సరే. సాయంత్రం జొరం తగ్గితే నేనెళ్ళి చూస్తాలే. నువ్వెళ్ళు, రైలు పోద్ది. బాగా పరిగెత్తు" అన్నాడు.

నేను వెళ్ళాను. అక్క పెరుగన్నం మూట కట్టి ఇచ్చింది. రేపల్లెలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దారిలో ఎవరైనా చూసి ఉంటారులే అనుకున్నాను. గొడ్లు కాసేవాళ్ళు అటు వెళతారు. చెప్పి ఉంటారులే. తెనాలిలో రైలు మారేటప్పుడు ప్లాట్‌ఫారం మీద కుళాయి తిప్పి నీళ్ళు తాగాను. సరిగ్గా ఆ వేళకే కట్ట తెగిందని తర్వాత లెక్క వేసుకున్నాను. నిజమో కాదో. ఆ నీళ్ళ రుచి మాత్రం ఇప్పటికీ నాలుక మీద ఉంది.

బాపట్లలో మర్నాడు ఒక మైదానం చుట్టూ పరిగెత్తించారు. ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆయన గడియారం చూడనే లేదు. పరుగు మధ్యలో కూలబడిపోయిన వాళ్ళను తీసేసి, పూర్తి చేసిన వాళ్ళందరినీ ఒక వరసలో నిలబెట్టారు. అంతే. పది నిమిషాలని మా బావకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. నడుస్తూ వచ్చినవాడు కూడా నా పక్కనే నిలబడ్డాడు. నాకు ఉద్యోగం వచ్చింది.

కాగితాలు చూపించి, డాక్టరు పరీక్ష చేయించుకుని నాలుగో రోజు తిరిగి వచ్చాను. ఊరి మొదట్లోనే తెలిసిపోయింది. కట్ట మీద వందల కొంగలు, నీటికాకులు. అంత దూరం నుంచీ తెల్లగా, నల్లగా కదులుతున్నాయి. చెరువులో నీళ్ళు లేవు. బురద. బురదలో చేపలు. ఆ ప్రాంతంలో ఉన్న పిట్టలన్నీ అక్కడే దిగినట్టున్నాయి. మూడో మూల దగ్గర కట్టకు రెండు బండ్లు పట్టేంత గండి. దానికి పక్కనే రాయి ఒరిగి నిలబడి ఉంది. ఆడవాళ్ళు బురద మధ్యలో చెలమలు తవ్వి, గిన్నెతో ఊటనీళ్ళు తోడి, గుడ్డలో వడకట్టుకుంటున్నారు. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఓవర్సీరు విచారణకు వచ్చాడు. గండి దగ్గరే నిలబడి విచారించాడు. ఊరు చుట్టూ మూగింది. మా బావ ముందు వరసలో ఉన్నాడు. నేను ఆయన వెనక ఉన్నాను. కోటయ్యను పిలిచారు. కుంటుకుంటూ వచ్చాడు. ఆ రోజు పంచె కిందికి దించుకోలేదు.

ఒరిగిన రాయి మీద ఆ వారం చుక్కలు వరసగా ఉన్నాయి. ఓవర్సీరు చివరి చుక్క మీద కర్ర పెట్టాడు. "ఇది తెగిన రోజుదేగా? ఎవరు పెట్టారు?"

కోటయ్య రాయి వంక చూశాడు. తర్వాత జనం వైపు చూశాడు. నన్ను చూశాడు. ఎంతసేపో చెప్పలేను. రెప్ప వేసేంత సేపు కావచ్చు.

"నేనేనండి."

"అప్పుడు కట్ట ఎలా ఉంది?"

"తడి ఉందండి. తేటగానే ఉందండి."

నా మాట. నేను ఆయనకిచ్చిన మాటే ఆయన తిరిగి వాళ్ళకిచ్చాడు. తేటనీళ్ళకు కట్ట తెగుతుందా, కళ్ళు కనబడుతున్నాయా నీకు అని ఓవర్సీరు అరిచాడు. కోటయ్య తల వంచుకుని, నాదే తప్పండి అన్నాడు. ఆ కాలు చూపించి, జ్వరం, నేను తిరగలేదు, ఆ అబ్బాయి తిరిగాడు అని చెప్పవచ్చు. చెబితే ఉద్యోగం అప్పుడూ పోతుంది, నిజమే. కానీ కట్ట తెంపినవాడన్న పేరు మాత్రం రాదు. ఆయన చెప్పలేదు. నేను నోరు తెరవలేదు. తెరవాలని అనుకున్నాను, నా ముందు మా బావ వీపు ఉంది. చొక్కా చెమటకు అంటుకుపోయి ఉంది. ఆ వీపునే చూస్తూ నిలబడ్డాను. నడవడిక మంచిదని ఊరి పెద్దలు రాసివ్వాల్సిన కాగితం ఇంకా నాకు అందలేదు. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, ఆ అడుగు వెయ్యడానికి నాకు కాళ్ళు లేవు. ముందు వారం దాకా పరజలతో పందెం వేసిన కాళ్ళే.

ఆ సాయంత్రం ఒకామె ఉప్పునీళ్ళ బిందె తెచ్చి కోటయ్య గుడిసె ముందు ఠంగుమని పెట్టి, "తాగు. నీ కూతురికీ పొయ్యి" అంది. ఆ వేసవి రెండు నెలలూ ఊరు రేపల్లె నుంచి బండ్ల మీద నీళ్ళు తెచ్చుకుంది. చాలనివాళ్ళు ఉప్పునీళ్ళు తాగారు. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. విచారణ జరిగిన మూడో రోజునే కోటయ్య కూతుర్ని తీసుకుని సూర్యలంక వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు మా అక్క ఇంటి వైపు రాలేదు. ఆయన వెళ్ళేటప్పుడు నేను లోపల గదిలో ఉన్నాను. సున్నపుకాయ ఇంకా నా నిక్కరు జేబులోనే ఉంది.

నాకు మొదట ఎక్కడెక్కడో ఉద్యోగం పడి, కొన్నేళ్ళకు బాపట్ల పక్కన సరుగుడు తోటలకు మార్చారు. సూర్యలంక నేను తిరగాల్సిన బీటులోకే వచ్చింది. దేవుడు చేశాడా, పై అధికారి చేశాడా? ఒక పొద్దున తోటలోంచి సముద్రం వైపు నడుస్తుంటే, ఇసుకలో కాలు చాపుకుని, దాన్ని సగం ఇసుకతో కప్పుకుని, వల బాగుచేసుకుంటున్న ముసలాయన కనిపించాడు. ఇసుక పైకి కనిపిస్తున్న ఆ లావాటి కాలు చూసి గుర్తుపట్టాను. నేను సరుగుడు చెట్టు వెనక్కి జరిగాను. గార్డు యూనిఫారంలో, చేత్తో లాఠీ పట్టుకుని, ఒక ముసలివాడికి భయపడి చెట్టు వెనక నిలబడ్డాను. ఇవాళ వద్దు, రేపు వెళదాం అనుకున్నాను. అలా రెండేళ్ళు అనుకున్నాను. తర్వాత ఆ చోట వల లేదు, మనిషి లేడు.

ఈలోగా నాకు మంచి పేరు వచ్చింది. కింద పనిచేసే కావలి మనుషులు తిరిగామని సంతకం పెడితే నేను నమ్మను. నేనే వెళ్ళి ప్రతి హద్దురాయీ చూస్తాను. ఎంత నిక్కచ్చి మనిషండీ అంటారు.

నాలుగేళ్ళ కిందట బాపట్ల చేపల బజారులో ఒకామె నన్ను పిలిచింది. ముప్పై లోపు మనిషి. ముందు గంపలో చందువాలు ఉన్నాయి.

"అన్నాయ్, మీరు కట్ట మీద పరిగెత్తే అబ్బాయి కదండీ? నేను కోటయ్య కూతుర్ని."

నేను తల ఊపాను. నాన్న పోయి మూడేళ్ళయిందని చెప్పింది. "మిమ్మల్ని తలుచుకునేవాడండి. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందంట, అదొక్కటైనా మంచి జరిగిందనేవాడు" అంది. నాకు గంపలోని చేపలు రెండుగా కనిపించాయి. ఆమె చేప తోముతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ రోజు మా నాన్న కట్ట తిరగలేదని, పడుకునే ఎవరి చేతో చుక్కలు పెట్టించాడని ఊరంతా అన్నారండి. మా నాన్న చచ్చేదాకా తిరిగాననే అన్నాడు. నాకు జొరం సంగతి గుర్తుంది, అందుకే అడుగుతున్నాను. మీరు రోజూ అక్కడే ఉండేవాళ్ళు. మీరు చూసే ఉంటారు. తిరిగాడాండీ?"

తిరిగాడంటే, తిరిగి కూడా కళ్ళు లేక ఊరిని ముంచినవాడవుతాడు. తిరగలేదంటే అబద్ధాలకోరవుతాడు. ఆ రెండింటికీ బయట ఒకే ఒక్క మాట ఉంది. అది నా నోట్లో ఉంది. చుట్టూ బేరాలాడే జనం. ఆమె కత్తి ఆపి నా వంక చూస్తోంది. చిన్నప్పుడు గుడిసె ముందు ఆడుకున్న అవే కళ్ళు.

"తిరిగాడమ్మా. నేను చూశాను" అన్నాను.

ఆమె మొహం వికసించింది. "నాకు తెలుసండి" అంది. నేను వద్దంటున్నా ఇంకో చందువాను నా సంచిలో వేసింది. దాన్ని ఇంటికి తీసుకువెళ్ళాను. మా ఆవిడ పులుసు పెట్టింది. తిన్నాను.

జాలితో అన్నానా ఆ మాట, భయంతో అన్నానా? ఎన్నోసార్లు తూచి చూశాను. తేలలేదు. ఆ బజారుకు మళ్ళీ వెళ్ళలేదు. చేపలు కావాలంటే మా ఆవిడ వేరే చోట నుంచి తెస్తుంది. ఎందుకని ఆమె అడగదు.

ఇంతవరకు రాసి కాగితం పక్కన పెట్టాను. రెండు రోజులు ముట్టుకోలేదు. ఎందుకంటే పైన ఒక చోట మీకు కూడా పూర్తిగా చెప్పలేదు. బొక్కలోంచి నీళ్ళు వస్తున్నాయని రాశాను. ఎలాంటి నీళ్ళో రాయలేదు. మీరు గమనించారో లేదో. పరుగులో ఉన్నాను, రంగు చూడలేదు, తేటగా ఉందనే అనుకున్నాను అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కోసారి నమ్మాను కూడా. నమ్మిన రోజుల్లో నిద్ర పట్టేది.

ఈ కాగితం ఆమెకు చేరదు. చేరినా పేర్లు లేవు కనుక గుర్తుపట్టదు. అది కూడా నేను చేసుకున్న ఏర్పాటే. క్షమించానని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పగలిగినవాడు సూర్యలంక ఇసుకలో ఉన్నాడు. అయినా ఒక్కసారి ఆ నీళ్ళ సంగతి కాగితం మీదైనా ఉండాలి.

నీళ్ళు మడ్డిగా వచ్చాయి. టీ నీళ్ళ రంగులో, బుడబుడమంటూ, కొంచెం కొంచెం మట్టిని తోసుకుంటూ వచ్చాయి. బొక్క అంచున ఉండాల్సిన ఎండ్రకాయ బయటికి వచ్చి దూరంగా నిలబడి ఉంది. నేను చూశాను. చూసి, ఆ బొక్క పక్క నుంచే దాటి, చుక్క పెట్టాను.